అక్కను అడగకుండా నేనిచ్చిన జవాబు

బెంగళూరులో ఆరేళ్లు ఉద్యోగం చేసి వచ్చినవాడికి ధర్మవరంలో ప్రతిదాన్నీ సులభం చేసేయాలనిపిస్తుంది. నాకూ ఆ జబ్బు ఉండేది. పట్టుచీరలకు కంప్యూటర్లో డిజైన్లు గీసే చిన్న షాపులో చేరాను. ఎవరు ఏ డిజైన్‌ను ఎప్పుడు మార్చారో పోకుండా దాచే ప్రోగ్రాం అక్కడ అప్పటికే ఉంది. దానికి ఎనిమిది ఇంగ్లీషు కమాండ్లు.

షాపులో పెద్ద డిజైనరు ఒక అక్క. మగ్గాల మధ్య పెరిగిన మనిషి, చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఆ ఎనిమిదింటినీ తెలుగు అక్షరాల్లో నోట్‌బుక్‌లో రాసుకుని, చూసి టైపు చేసేది. నాకు తెగ జాలేసింది. జాలిపడమని ఆమె నన్ను అడగలేదు.

వారం కూర్చుని ఎనిమిదిని మూడు చేశాను: దాచు, తెచ్చుకో, పంపు. బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాను. ఓనరు మురిసిపోయాడు, ఆయనకంటే ఎక్కువగా నేను మురిశాను. అక్క మాత్రం స్క్రీన్ వంక అనుమానంగా చూసింది.

"ఏమప్పా, ఇద్దరం ఒకే డిజైన్ మారిస్తే ఏది ఉంచాలని అడుగుతాండె గదా. ఆ ప్రశ్న యాడికి పోయింది?"

"ఆ తలనొప్పి నీకెందుకక్కా? జవాబు నేనే లోపల రాసిపెట్టినా."

నేను రాసిన జవాబు ఏమిటంటే, చివరగా ఎవరు పంపితే వాళ్లదే ఉంచు, మిగతాది తీసెయ్.

ఆమె పదిహేను రోజులు ఒక పెళ్లిచీర కొంగు గీసింది. పూర్తయ్యేదాకా డిజైన్ ఎవరికీ చూపించకపోవడం అక్కడి అలవాటు, కాబట్టి రోజూ దాచుకుందే గానీ పంపలేదు. శుక్రవారం అది మగ్గం ఎక్కాలి. గురువారం ఓనరు తన దగ్గరున్న అదే డిజైన్ పాత ఫైల్లో నెమలి కన్ను రంగు మార్చి పంపాడు. అక్క తన పని దాచి, పంపేముందు మిగతావాళ్ల మార్పులు కలుపుకుందామని 'తెచ్చుకో' కొట్టింది. కొంగు మొత్తం పోయింది. ఓనరుగారి నెమలి కన్ను మాత్రం ఎర్రగా మిగిలింది.

నిజం చెప్పాలంటే ఆ కమాండ్లు నాకూ సరిగా రావు. బెంగళూరులో బటన్లు నొక్కే బతికాను. స్నేహితుడికి ఫోన్ చేస్తే, బ్యాకప్ లేదా అని నవ్వాడు. అక్క ముఖం చూడలేక కీబోర్డు తుడుస్తూ కూర్చున్నాను.

ఆమె నన్ను లేపి తన నోట్‌బుక్ తెరిచింది. నేను పక్కన పెట్టేసిన ఎనిమిదో కమాండ్ లోపల ఇంకా పనిచేస్తోంది, ఇదివరకు దాచినవన్నీ వరసగా చూపిస్తుంది. ఒక్క వేలితో టైపు చేసింది. జాబితాలో తన పని పట్టుకుని వెనక్కి తెచ్చింది. కొంగు వచ్చేసింది.

"వేల పోగుల్లో ఒగటి తెగితే యాడుందో పట్టుకుంటాము. ఎనిమిది మాటలు మాకు బరువని నీకెవరు చెప్పినారప్పా?"

సిగ్గేసింది. లేచి బోర్డు తుడిచాను. ఆమె నోట్‌బుక్ అడిగి తీసుకుని, ఎనిమిదింటినీ ఆమె రాసుకున్నట్టే బోర్డు మీదికి ఎక్కించాను. రెండింటిని నేను తప్పు రాశానట. చాక్‌పీస్ నా చేతిలోంచి తీసుకుని ఆమే దిద్దింది.