పచ్చ గొడుగుల బుట్ట

మా వీధిలో పొద్దున్నే ఒకరి కిటికీలు ఒకరం చూసుకుంటాం. వాటి చెక్క తలుపులు తెరుచుకుంటే ఆ ఇంట్లో మనిషి ఇంకా ఉన్నట్టు. ఎవరూ ఈ మాట పైకి అనరు. రొట్టె చంకన పెట్టుకుని నడుస్తూ ఓరకంట చూస్తారు, అంతే.

రెజాన్ ఇల్లు మా ఇంటికి ఎదురు. బూడిద రాతిగోడ మీద వెలిసిన నీలం తలుపులు. భర్త పోయాక కూడా వీధిలో అందరికంటే ముందు తెరుచుకునేవి అవే. ఇంట్లో ఎప్పుడూ ఒక పిల్ల ఉండేది మరి. దాన్ని లేపాలి, బడికి పంపాలి.

ఏటా సెప్టెంబరులో ఒక పిల్ల దిగేది. ఒకసారి ఫిన్లాండు, ఒకసారి కొరియా, ఇంకోసారి పేరు పలకడం రాని ఏదో దేశం. ఇక్కడి పిల్లలు అక్కడికి, అక్కడి పిల్లలు ఇక్కడికి వెళ్ళి, ఒక చదువుల ఏడాది పరాయి ఇంట్లో ఇంటి బిడ్డల్లా ఉండే ఏర్పాటు అది. రెజాన్‌కు పంపడానికి బిడ్డలు లేరు. తీసుకోవడం ఒక్కటే ఆమె వంతు. వచ్చిన పిల్లకు మొదటిరోజు భోజనానికి కాగితం రుమాలు పెట్టేది. అది చుట్టానికి. మర్నాడు చెక్క ఉంగరంలో దోపిన గుడ్డ రుమాలు. ఆ ఉంగరం మీద పిల్ల పేరు కాల్చి రాసి ఉండేది. అది ఇంటి మనిషికి. ఆ పేర్లు భర్త రాసేవాడు, ముత్యాల్లా.

అయెలెన్ పేరు రెజానే రాసింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

"చలికి చెయ్యి వణికిందే పిల్లా," అంది.

సెప్టెంబరులో చలేమిటని ఎవరూ అడగలేదు.

అయెలెన్ చిలీ దేశపు ఎడారి ఊరి పిల్ల. వాళ్ళ ఊళ్ళో వాన అంటే ముసలాళ్ళు చెప్పే కబురు. మా లిమూజాన్ కొండల్లో వాన ఇంట్లో మనిషి లాంటిది, లేచి వెళ్ళదు. మొదటి వానకి ఆ పిల్ల పెరట్లో తల పైకెత్తి, నోరు తెరిచి నిలబడింది. రెజాన్ వంటింటి గడప మీంచి కేకేసింది.

"లోపలికి రావే, ఉప్పుబొమ్మలా కరిగిపోతావ్! మీ అమ్మకి ఏం చెప్పుకోను? బిడ్డ కాలవలో కలిసిపోయిందని చెప్పనా?"

"కొంచెంసేపు మదాం, ఒక్క కొంచెంసేపు!"

రెజాన్ చూపు పోతున్న సంగతి ముందు కనిపెట్టింది ఆ పిల్లే. కాఫీ పోసేటప్పుడు గిన్నె అంచు లోపలికి వేలు వంచి పెట్టేది రెజాన్, వేడి తగిలితే ఆపేది. ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు ముఖం పక్కకి తిప్పి, గింజను చూసే కోడిలా చూసేది. కళ్ళ అంచుల్లో లోకం మిగిలే ఉంది. నడిమధ్య మాత్రం ఊదితే పోని పొగ మచ్చ. ఎదుటి మనిషి చెవులు కనిపించేవి, ముఖం కనిపించేది కాదు.

ఒక సాయంత్రం పిల్ల మెల్లగా కళ్ళ సంగతి అడిగింది. రెజాన్ గిన్నె కింద పెట్టింది.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. చెప్పావంటే ఆ లస్కూ వచ్చి నిన్ను పట్టుకుపోతుంది. గుడ్డిదాని ఇంట్లో పిల్లల్ని ఉంచరు. నీ తర్వాత ఇంకెవర్నీ ఇవ్వరు. ఈ ఇంట్లో పొద్దున లేవడానికి నాకు వేరే పనేముంది?"

మదాం లస్కూ పిల్లల్ని ఇళ్ళకు కుదిర్చే సంఘం మనిషి. నెలకోసారి వచ్చి, ఫ్రిజ్ వైపు ఒక చూపు, పిల్ల గది వైపు ఒక చూపు విసిరి, కేకు తిని వెళ్ళేది. ఆ అక్టోబరులో ఆమె కారు ఆగగానే అయెలెన్ మెట్ల కిటికీ నుంచి చూసి పరుగున కిందికి దిగింది.

"నీలం కండువా, ఎర్ర బూట్లు, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది!"

తలుపు తీస్తూనే రెజాన్ అంది, "అబ్బ, ఆ నీలం మీకెంత బాగా అమరిందండీ! జుట్టు కూడానా? పదేళ్ళు తగ్గారు."

మదాం లస్కూ పొంగిపోయి రెండు ముక్కలు కేకు ఎక్కువ తింది. ఆమె వెళ్ళాక ఆ ఇంట్లోంచి పగలబడి నవ్విన నవ్వు మా వంటింటి దాకా వినిపించింది. ఆ ఇంట్లోంచి నేను విన్న చివరి నవ్వు అది.

అక్టోబరు వాన తర్వాత ఎండ వచ్చిందంటే మా ఊళ్ళో ఎవరూ ఇంట్లో ఉండరు. పుట్టగొడుగులు. అడవిలో చెస్ట్‌నట్ చెట్ల కింద ఏరుకోవడానికి ఎవరి చోటు వాళ్ళది. చచ్చేటప్పుడు తప్ప ఆ చోటు ఎవరికీ చెప్పరు. ఏరుకొచ్చిన బుట్టని తినేముందు మందుల షాపుకి తెచ్చి చూపించుకోవడం రివాజు. నేను పనిచేసే షాపు యజమాని మస్యూ బెసెట్ పాత పేపరు పరిచి, ఒక్కొక్కటే తిప్పి చూసి, మంచివీ చెడ్డవీ వేరుచేసి ఇస్తాడు. చూసి చూసి నాకూ కొంత అబ్బింది.

రెజాన్ బుట్ట మాత్రం ఎన్నడూ మా షాపు గడప తొక్కలేదు. ఆమె అత్తింటివాళ్ళు తరతరాలుగా అడవి ఎరిగిన మనుషులు. షాపుకి బుట్ట తేవడమంటే, "నా పెనిమిటి నాకేం నేర్పలేదు" అని ఊరంతా చాటినట్టు ఆమె లెక్కకి. బుట్ట పట్టుకుని లైనులో నిలబడ్డవాళ్ళని చూసి గుమ్మం బయటి నుంచే వెక్కిరించేది.

"ఏం, పట్నం బాబులూ! మీ ముల్లంగులు కూడా చూపించుకుంటున్నారా?"

ఆ సంవత్సరం అయెలెన్‌ని అడవికి తీసుకెళ్ళింది. తన చోటు చూపించింది. ఇంతకుముందు వచ్చిన ఏ పిల్లకీ చూపించలేదు. తిరిగొస్తూ పిల్ల భుజం పట్టుకుని నడిచింది, ప్రేమ కొద్దీ అనుకున్నాం చూసినవాళ్ళం. బుట్టలో ఎక్కువగా పచ్చ గొడుగులు, ఆకుపచ్చ టోపీ ఉండే పుట్టగొడుగులు. వెన్నలో వేయిస్తే వాటికి మించిన రుచి లేదు. వాటి కాడ సుద్దముక్కలా పుటుక్కున విరుగుతుంది. అదే గుర్తు. అచ్చం అదే పచ్చటి టోపీతో ఇంకొకటి ఉంది. దాని కాడకి పల్చటి ఉంగరంలాంటి పొర, కాడ మొదట్లో మట్టి లోపల తెల్లటి సంచి. అది తింటే మొదటి రోజు ఏమీ కాదు. తర్వాత కాలేయం కరిగిపోతుంది. అందుకే పచ్చవాటిని కత్తితో కోయకూడదు, మట్టితో సహా పెళ్ళగించి చూడాలి. ఇది రెజాన్‌కు తెలియక కాదు. ఆమె వేళ్ళే ఆమె కళ్ళు, కాడ తాకితే చాలు చెప్పేవి. ఆ రోజు ఆకుల కింద నేల మంచులా ఉంది. వేళ్ళు మొద్దుబారాయి. భర్త వాడిన, కొక్కెంలా వంగిన కత్తితో వరసగా కోసుకుంటూ పోయింది.

అయెలెన్ వెనక నిలబడి చూసింది. ప్రతి పుట్టగొడుగునీ రెజాన్ కంటి మూలకి తెచ్చుకుని, తల వంచి, ఊఁ అనుకుని బుట్టలో వేయడం చూసింది. మా షాపు అద్దానికి అంటించిన రంగుల బొమ్మని ఆ పిల్ల రోజూ బడికి పోతూ చూసేది, విషపుదాని బొమ్మ.

శనివారం మధ్యాహ్నం రెజాన్ కుర్చీలో కునుకు తీస్తుండగా ఆ పిల్ల బుట్ట ఎత్తుకుని వచ్చి లైనులో నిలబడింది. షాపులో కబుర్లు ఆగిపోయాయి.

"ఇది రెజాన్ బుట్ట కదూ!"

"రెజాన్ బుట్ట ఇక్కడికా? ఇవాళ రాళ్ళ వాన పడుతుంది!"

అందరూ నవ్వారు. మస్యూ బెసెట్ పేపరు పరిచాడు. కొన్ని ఇటు పెట్టాడు. తర్వాత ఒకటి అటు పెట్టాడు. కాడ చుట్టూ ఉంగరం, తడిసిన కాగితంలా అంటుకుని ఉంది. ఇంకొకటి పెట్టాడు. ఇంకా ఒకటి. నవ్వులు ఎప్పుడు ఆగాయో తెలియలేదు.

"ఎవరు ఏరారివి?"

"నేను," అంది అయెలెన్.

"కత్తితో కోసినవి. ఎవరి కత్తి?"

"నేనే కోశానండీ. మదాంకి తెలీదు. ఆవిడ వద్దంది, నేనే..."

అంత బాగా అబద్ధమాడటం ఆ పిల్లకి మా భాషలో ఇంకా రాలేదు. ముఖం ఎర్రబడింది. లైనులో ఒక ముసలామె మెల్లగా అంది, "ఆ వంపు కోత నాకు తెలుసు. వాళ్ళాయనదీ అదే కోత." ఆ ముసలామె మదాం లస్కూకి అక్క.

మస్యూ బెసెట్ పిల్ల వైపు చూశాడు. "నువ్వు బుట్ట తేకపోతే, రేపటికి నువ్వూ ఆవిడా బాగానే ఉండేవాళ్ళు. ఎల్లుండి నుంచి ఉండేవాళ్ళు కాదు."

నేను ఏప్రను విప్పి ఆ పిల్లతో పాటు వెళ్ళాను. రెజాన్ లేచి పొయ్యి దగ్గర ఉంది. వెల్లుల్లి తరిగి, పెనం మీద వెన్న వేసింది. అడుగుల చప్పుడు విని ముఖం పక్కకి తిప్పింది.

"బుట్టేదే?"

అయెలెన్ చెప్పింది. ఏమీ దాచలేదు. రెజాన్ గరిటె పట్టుకునే ఉంది.

"నన్ను అడగొచ్చుగా. ఇంట్లో మనిషిని కదా నేను. అడగొచ్చుగా."

"అడిగితే మీరు ఒకటి తీసి అక్కడే కొరికి చూపించేవారు."

అది నిజమని ముగ్గురికీ తెలుసు. పెనంలో వెన్న గోధుమరంగు తిరిగి, నల్లబడి, పొగ లేచింది. నేను వెళ్ళి మంట ఆర్పాను.

ఊళ్ళో మాట కారుకంటే ముందు నడుస్తుంది. ఆదివారం మదాం లస్కూ వచ్చింది. ఈసారి కేకు ముట్టలేదు. గొంతు మెత్తగానే ఉంది.

"మేం ఎవర్నీ తప్పు పట్టడం లేదు రెజాన్. పిల్ల క్షేమం చూసుకోవాలి కదా."

"మీ కండువా ఏ రంగో చెప్పమంటారా?" అంది రెజాన్. "చెప్పలేను. తీసుకెళ్ళండి."

లిమోజ్ పట్నంలో ఒక పళ్ళ డాక్టరు కుటుంబం కుదిరింది. పెట్టె గుమ్మంలో పెట్టాక అయెలెన్ మళ్ళీ లోపలికి వెళ్ళి చెక్క ఉంగరం తెచ్చుకోబోయింది.

"అది పెట్టెయ్," అంది రెజాన్. "అది ఈ బల్లది."

"నా పేరు ఉంది కదా మదాం."

"పేరు నీదే. బల్ల నాది."

కారు మలుపు తిరిగేదాకా ఆ పిల్ల వెనక అద్దంలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. రెజాన్ సరిగ్గా కారు వైపే ముఖం పెట్టి నిలబడింది, పక్కకి తిప్పలేదు. ఆ నడిమి పొగలోకే చూసింది.

ఇంకో సెప్టెంబరు వచ్చింది. ఏ పిల్లా రాలేదు. నీలం తలుపులు రోజూ తెరుచుకుంటూనే ఉన్నాయి, కాస్త ఆలస్యంగా. అక్టోబరులో రెజాన్ కర్ర పట్టుకుని ఒంటరిగా అడవి దారి పట్టడం వీధంతా చూశాం. ఎవరూ ఆపలేదు. ఆపితే ఏమంటుందో అందరికీ తెలుసు. సాయంత్రం బుట్ట నిండా తెచ్చుకుంది. మస్యూ బెసెట్ గుమ్మంలోకి వచ్చి పిలిచాడు, "ఒకసారి ఇలా రండి మదాం!" వినిపించనట్టు వెళ్ళిపోయింది. ఆమెవి పాము చెవులు.

మర్నాడు తలుపులు తెరుచుకున్నాయి. ఆ మర్నాడూ తెరుచుకున్నాయి. మూడో రోజు తెరుచుకోలేదు.

రొట్టె అక్కడే గోడ మీద పెట్టేసి పరుగెత్తాను. తాళంచెవి ఎప్పటిలాగే పూలకుండీ కింద ఉంది. వంటిల్లు చీకటి. తడి ఆకుల వాసన, కుళ్ళు వాసన. రెజాన్ బల్ల ముందు కూర్చుని ఉంది, కోటు విప్పకుండా. బల్ల మీద బుట్ట. దాని పక్కన రెండు చెక్క ఉంగరాలు, ఒకటి తనది, ఒకటి అయెలెన్‌ది.

"బాబోయ్, ప్రాణం పోయిందనుకున్నా! తలుపులెందుకు తెరవలేదు?"

"తెరిస్తే నాకేం కనిపిస్తుందే? ఇన్నాళ్ళూ మీరు చూడ్డానికే తెరిచాను."

"తిన్నారా వీటిని?"

"లేదు. రెండు రోజులు వేళ్ళతో తడిమాను. మంచివే అంటాయి వేళ్ళు. అప్పుడూ అవే మాట అన్నాయి." బుట్టని నా వైపు జరిపింది. "నువ్వు షాపులో చూస్తుంటావుగా. చూసి చెప్పు."

కిటికీ తెరిచాను. వెలుతురులో బుట్ట ముందు పెట్టుకుని, మస్యూ బెసెట్ చేసినట్టే ఒక్కొక్కటే తీశాను. ఈసారి ఏదీ కోసింది కాదు. అన్నీ మట్టితో సహా పెళ్ళగించినవే. మెత్తబడ్డాయి, అంచులు నల్లబడ్డాయి, కానీ ఒక్క కాడకీ ఉంగరం లేదు, ఒక్కదాని మొదట్లోనూ సంచి లేదు. అడుగు దాకా చూశాను.

"అన్నీ మంచివే మదాం. ఒక్కటి కూడా తప్పు లేదు."

రెజాన్ ముఖం పక్కకి తిప్పి, కంటి చివరితో నన్ను చూసింది. నా చెవులు కనిపించి ఉంటాయి.

"నువ్వూ మొదలుపెట్టావా," అంది, "నా మనసు నొవ్వకుండా నీలం కండువాలు చెప్పడం."

లేచి, బుట్ట తడుముకుని తీసుకుని, పెరటి తలుపు దాకా గోడ పట్టుకుని నడిచింది. చెత్తకుండీ మూత ఎత్తిన చప్పుడు. బుట్టని బోర్లించి, అడుగు మీద అరచేత్తో కొట్టింది, ఒక్కటీ అంటుకుని మిగలకుండా.