ఉచిత భోజనానికి రమణను వెంటబెట్టుకెళ్ళిన ఆదివారం

కాసినోలో నేను ఎప్పుడూ ఆడలేదు. అయినా వాళ్ళ సభ్యత్వ కార్డు నా దగ్గర ఉంది. కార్డు ఉచితం, దానితో పార్కింగ్‌లో కొంత తగ్గింపు వస్తుంది. కిందటి నెల వాళ్ళ నుంచి ఒక సందేశం వచ్చింది. కొత్త సభ్యుణ్ణి తీసుకొస్తే ఇద్దరికీ మధ్యాహ్నం బఫే ఉచితం, తెచ్చినవారికి అదనంగా నలభై డాలర్ల భోజన కూపన్. కరెంటు కనెక్షన్ దగ్గర్నుంచి ఫోన్ సిమ్ దాకా ఒకరి రిఫరల్ మీద ఒకరం తీసుకునేవాళ్ళమే కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాను. ఇలాంటి ఆఫర్ చూసి బయలుదేరేవారి కోసం ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రమణ నాతోపాటు గోదాములో పనిచేస్తాడు. నిజామాబాద్ అతను, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. నగర శివారు కెల్లీవిల్‌లో మా వీధి చివరే కాపురం. మొదటి వారం అడిగితే "శనివారం నాకు ఒక్కపొద్దన్నా" అన్నాడు. రెండో వారం హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళాలన్నాడు. మూడో వారం మోకాలి నొప్పి. "ఊరికే తిండి పెట్టిస్తానంటే ఇంత బెట్టు చేసేవాణ్ణి నిన్నే చూశానయ్యా. పెళ్ళిచూపులకేమైనా రమ్మంటున్నానా?" అని టీ గదిలో అందరి ముందూ ఎగతాళి చేశాను. అందరూ నవ్వారు. రమణ కూడా నవ్వి, "సరే తియ్యన్నా, సండే పోదాం" అన్నాడు.

ఆదివారం పదిన్నరకు కెల్లీవిల్‌లో మెట్రో ఎక్కాం. వారాంతంలో ఎన్నిసార్లు ఎక్కి దిగినా రోజంతటికీ పది డాలర్ల లోపే అవుతుంది కాబట్టి కారు తీయడం దండగ. ముప్పావు గంట లోపే కాసినో దగ్గరి స్టేషన్ బరంగారూలో దిగి, నీటి పక్క బాటలో నడిచాం. ఎండ హాయిగా ఉంది. బాట రెండుగా చీలినచోట దారి చూద్దామని నేను ఫోన్ తీసేలోపే రమణ ఒకవైపు తిరిగి నడిచాడు. అది సరైన దారే.

సభ్యత్వ కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి రమణ లైసెన్సు తీసుకుని వివరాలు ఎక్కించింది. తెర చూసి ఆగిపోయి, ఎవరికో ఫోన్ చేసింది. నెరిసిన జుట్టున్న సూపర్‌వైజర్ వచ్చి రమణను పక్కకు రమ్మన్నాడు.

"అన్న ముందరనే చెప్పండి, పర్లేదు" అని రమణ ఇంగ్లీషులో అన్నాడు.

"సర్, మిమ్మల్ని లోపలికి రానివ్వొద్దని మీరే మాకు రాసిచ్చారు. ఆ గడువు ఇంకా ఉంది."

"మీరు పొరపాటు పడ్డారు. ఆ పేరుతో ఇంకెవరో ఉండి ఉంటారు. ఇతను టీ కూడా బయట కొనుక్కోడు" అన్నాను గట్టిగా.

"అది నేనే, అన్నా" అన్నాడు రమణ.

సూపర్‌వైజర్ మర్యాదగా తలుపు దాకా వచ్చి, జూదం మానడానికి సాయం కావాలంటే చేయమని ఒక ఫోన్ నంబరున్న కాగితం రమణ చేతిలో పెట్టాడు.

బయట ఒక బడ్డీలో చేప, చిప్స్ కొన్నాను. ఇద్దరికీ ముప్పై ఒక్క డాలర్లు. "వినెగర్ వేయనా, డార్లింగ్?" అని అడిగింది అమ్మే ఆవిడ. ఏమడిగిందో అర్థం కావడానికే నాకు కొంతసేపు పట్టింది.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదయ్యా" అన్నాను బల్ల దగ్గర కూర్చున్నాక.

"ఏం చెప్పాల్నన్నా? ఇంటి డిపాజిట్‌కని జమ చేసిన పైసలన్నీ గా మిషన్ల పోసిన అని చెప్పాల్నా? స్వాతికి చెప్పనీకే ఆర్నెల్లు పట్టింది. ఆమెనే పక్కన కూసొని గా కాయితం రాయించింది." స్వాతి అతని భార్య.

"మరి ఇవాళ ఎందుకొచ్చావు?"

"మూడు వారాల సంది అడుగుతనే ఉంటివి. నువ్వు అడిగినప్పుడల్లా లోపల ఒకటే గుంజుడు. ఆపుతరో ఆపరో చూద్దామనుకున్న."

"ఆపకపోయుంటే?"

"నువ్వు బఫే తింటుంటివి. నేను మిషన్ ముందల ఉంటుంటి."

"స్వాతికి ఏం చెప్పి వచ్చావు?"

"నీతోని భోజనానికి పోతున్న అని చెప్పిన. నీతోని అంటే ఆమె ఏం అడగదన్నా."

తిరుగు మెట్రోలో అతను, "ఆమెకు చెప్పకన్నా" అన్నాడు. "నేను చెప్పను. నువ్వు చెబుదువుగాని, నేను పక్కన ఉంటాను" అన్నాను. కెల్లీవిల్‌లో దిగేటప్పుడు రమణ సరేనని తలూపాడు. రెండున్నరకు వాళ్ళ తలుపు తట్టాం. "అప్పుడే వచ్చేసిన్రా అన్నయ్యా? భోజనం మంచిగుండెనా?" అంది స్వాతి నవ్వుతూ. రమణ చెప్పాడు. ఆమె చివరిదాకా అతని వైపే చూసి, ఆ తర్వాత నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఒక్క డాలరు ఆడకుండా వాళ్ళ భోజనం తినొస్తానని నేను తెలివిగలవాణ్ణి అనుకున్నాను. రమణను ఆ తలుపు దాకా లాక్కెళ్ళింది నేను, ఆపింది కాసినోవాళ్ళు. ఇది రాస్తుంటే కూడా నాకు మింగుడుపడటం లేదు. వెళ్ళాలనుకునేవారికి నేను చెప్పగలిగింది ఒకటే: తోడు రమ్మని ఎవరినైనా ఒక్కసారే అడగండి. వాళ్ళు చెప్పిన సాకు ఎంత చిన్నదైనా సరే, అక్కడితో వదిలేయండి.