మేష్ట్రుకు మేము పెట్టిన పరీక్షలు

మా మేష్ట్రు పోయారు. పోయిన బుధవారం మధ్యాహ్నం, బెంగళూరు పీణ్యలో ఇనప భాగాలు చేసే మా షాపులో లేతు మిషను మీద పనిలో ఉండగా ఫోనులో ‘సండే క్లాస్’ గ్రూపు వరసగా మోగింది. చేతులు తుడుచుకుని చూసేసరికి అప్పటికే పదిమంది దండం పెట్టే బొమ్మలు పెట్టేశారు. నాకేం పెట్టాలో తోచలేదు. ఫోను జేబులో వేసుకుని మళ్ళీ లేతు ఆన్ చేశాను. వీడికి గుండె లేదా అని ఎవరైనా అనుకోవచ్చు. ఆ పూట నా చేతులకు ఇంకో పని తెలియలేదు, అంతే.

మేష్ట్రు అంటే ఇక్కడి కన్నడవాళ్ళు మాస్టారిని పిలిచే పిలుపు. బెంగళూరులో తాతల నాటి నుంచీ ఉన్న తెలుగువాళ్ళూ అలాగే అంటారు. ఆయన వాళ్ళలో ఒకరు. ప్రభుత్వ బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఆదివారాలు పొద్దున పూట తన ఇంటి వరండాలో, షాపుల్లో పనిచేసే మాలాంటి వాళ్ళకు ఇంగ్లీషు నేర్పేవారు.

అప్పుడు నేను హిందూపురం నుంచి వచ్చిన కొత్త. ఒక డ్రాయింగు కింద, గుర్తు పెట్టిన అంచులు తప్ప మిగతావాటికి పదును పోయేలా అరగదీయమని ఇంగ్లీషులో రాసి ఉంది. అందులో ‘తప్ప’ అన్న మాట తెలియక నేను అన్నీ అరగదీసేశాను. పొద్దుటి నుంచీ చేసిన ముక్కలన్నీ తుక్కులోకి పోయాయి. సూపర్‌వైజరు తిట్లు మాత్రం తెలుగులోనే కాబట్టి ఒక్కటీ వృథా పోలేదు. ఆ ఆదివారమే మేష్ట్రు వరండా మెట్లెక్కాను.

ఆయన మాటల్ని జంటలుగా నేర్పేవారు. చెవికి ఒకేలా వినబడి, అర్థంలో ఎడమొహం పెడమొహంగా ఉండే జంటలు. నాకు తగిలిన మొదటి జంట ఆక్సెప్ట్, ఎక్సెప్ట్. ఒకటి పుచ్చుకోవడం, ఒకటి విడిచిపెట్టడం. అర్థం ముందుగా చెప్పే అలవాటు ఆయనకు లేదు. వేరుశనగ చిక్కీ ఉన్న పళ్ళెం తెచ్చి అందరి ముందూ పట్టారు. అందరం తీసుకున్నాం. “ఆక్సెప్ట్” అన్నారు. మళ్ళీ తిప్పారు. ఈసారి నా దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం పక్కకు జరిగిపోయింది. “ఎక్సెప్ట్” అన్నారు. నా చెవులు వేడెక్కాయి. ఇరవై రెండేళ్ళ వాణ్ణి, చిక్కీ ముక్క కోసం ఏడుపొచ్చినంత పనైంది.

“ఇప్పుడు చెప్పప్పా, ఆ రెండో మాటకి ఏమి అర్థం?”

“నాకు తప్ప, సార్.”

ఆయన పడీ పడీ నవ్వారు. పళ్ళెంలో మిగిలినవన్నీ నా చేతిలో పోశారు. “విడిచిపెట్టినోనికే ఆ మాట బాగా గ్యాపకం ఉంటాది” అన్నారు.

ఆయనకు ఒక్కటే పడేది కాదు, అర్థం కాకుండా తల ఊపడం. “తెలీకుంటే తెలీదను. తలకాయ మాత్రం ఊపొద్దప్పా. నువ్వు ఊపితే నేను ముందుకు పోతా, నువ్వు ఆడనే నిలబడిపోతావు” అనేవారు. ఊపినవాణ్ణి పట్టుకుని అర్థమయ్యేదాకా వదిలేవారు కాదు. నేను ఈరోజు మా షాపులో ఇన్‌స్పెక్షన్ రిపోర్టుల మీద సంతకం పెడుతున్నానంటే అది ఆయన చలవే.

పోయిన ఏడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆస్పత్రిలో మాటలు నేర్పే అమ్మాయి, ఆయనకు ఇష్టమైనవి మాట్లాడించమని చెప్పిందట. మాకు అంతకన్నా ఏం కావాలి? ఇంగ్లీషు జంటల కంటే ఆయనకు ఇష్టమైనవి ఏముంటాయి? ఆదివారానికి ఇద్దరు చొప్పున వంతులు వేసుకున్నాం. ఆయన మాకు చెప్పినట్టే ఆయనకు చెబుతాం, రుణం తీర్చుకుంటాం అని పొంగిపోయాం.

నా వంతు వచ్చిన రోజు చిక్కీ కొనుక్కుని వెళ్ళాను. పళ్ళెం ఆయన ముందు పట్టి, “సార్, ఇది ఆక్సెప్టా, ఎక్సెప్టా?” అని అడిగాను. ఆయన పళ్ళెం చూశారు, నన్ను చూశారు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. మళ్ళీ అడిగాను. ఆయన తల ఊపారు. నేను చప్పట్లు కొట్టి, సార్‌కి గుర్తొచ్చిందని గ్రూపులో పెట్టాను. తల ఊపితే ఊరుకోని మనిషి ఎందుకు ఊపారో ఆలోచించే బుద్ధి నాకు లేకపోయింది. నాలుగు నెలలు అలాగే సాగింది. ప్రతి వారం ఎవరో ఒకరు ఏదో ఒక జంట పట్టుకెళ్ళేవాళ్ళు. ఆయన తల ఊపేవారు.

ఒక ఆదివారం మేష్ట్రు భార్య నన్ను గేటు దగ్గరే ఆపారు.

“బేజారు చేసుకోవద్దప్పా, ఒక మాట చెప్తా. మీరు వచ్చే దినం పొద్దున్నుంచీ ఈయన అన్నం ముట్టరు. మీరు పోయినాక గోడ పక్కకి తిరుక్కోని ఏడుస్తారు.”

“ముందే ఎందుకు చెప్పలేదమ్మా?”

“అంత ఆశగా వస్తా ఉండారు మీరు. ఎట్ల చెప్పేది నేను?”

ఎంతోమంది పిల్లలకు భయం పోగొట్టిన మనిషిని, ప్రతి ఆదివారం ఏమీ రాని పిల్లవాణ్ణి చేసి కూర్చోబెట్టాం. ఇక ఎవరూ వెళ్ళొద్దని గ్రూపులో రాశాను. అది చాలదనిపించింది. ఇక పరీక్షలు లేవని ఆయనకు ఎవరో ఒకరు చెప్పాలి కదా. తరువాతి ఆదివారం నేనొక్కణ్ణే వెళ్ళాను, ఏమీ పట్టుకెళ్ళకుండా.

నన్ను చూడగానే ఆయన కుర్చీలో సర్దుకున్నారు. నా చేతుల వైపు చూశారు. రెండు చేతులూ చాపి చూపించాను. “ఈరోజు ఏమీ లేదు సార్. ఊరికే వచ్చాను” అన్నాను. ఆయన తల ఊపారు. అర్థమైందో లేదో తెలియలేదు. నేలమీద ఆయన పక్కనే కూర్చున్నాను. మా ఊరి వానల గురించి, మా అమ్మాయి బడి గురించి ఏదేదో చెప్పాను. ప్రతి మాటకూ తల ఊపారు. “ఇక ఎవరూ ఏమీ అడగరు సార్, తప్పైపోయింది” అని ఆయన చెయ్యి పట్టుకున్నాను. దానికీ తల ఊపారు. ఆ చెయ్యి చల్లగా, చెమటగా ఉంది.

అదే నేను ఆయన్ని చివరిసారి చూడడం. వస్తానని చెప్పి లేచాను. గేటు వేస్తూ వెనక్కి చూశాను. ఎడమచేత్తో చొక్కా పై గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నారు. ఎలాగో పెట్టుకుని, నడుము నిటారుగా చేసుకుని, నేను లేచివచ్చిన చోటు వైపే చూస్తూ, నేను అడగబోయే ప్రశ్న కోసం కూర్చున్నారు.