గుడ్డ చిరిగిన చప్పుడు

నిన్న అరకు సంతలో బట్టలమ్మే ఆవిడ రవికె గుడ్డ కొలిచి, అంచును పంటితో కొరికి, పర్రున చింపింది. ఎవరో నీళ్ళలోకి దూకినట్టు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాను. "మీ మాస్టారు గుర్తొచ్చారా?" అంది నా భార్య. గుర్తు రావడానికి ఆయన ఎప్పుడు వెళ్ళారని! ముందుగా నా తెలివితక్కువతనం ఒప్పేసుకుంటాను. ఎత్తు మీంచి నీళ్ళలోకి దూకడం నాకు నేర్పిన సన్యాసిరావు మాస్టారికి అసలు ఈతే రాదని సీలేరు కాలనీ అంతా చాటింది నేనే. అప్పటికి పదహారేళ్ళు. దూకుడుకు లోటు లేదు, దూకడమే రాలేదు.

అవి తొంభైల నాటి రోజులు. మా నాన్న కరెంటు ప్రాజెక్టులో ఫిట్టరు. కాలనీ ఈతకొలను పక్కన మూడు నిలువుల ఎత్తు సిమెంటు గద్దె ఉండేది. దేశం తరఫున పోటీలకు వెళ్ళిన ఇద్దరిని తీర్చిదిద్దిన మనిషి, పెద్ద ఊరు వదిలి, ఈ కొండల్లో కొలను కాపలాకు మాస్టారు ఎందుకొచ్చారో ఎవరికీ తెలియదు. మేం గద్దె ఎక్కగానే ఆయన నీళ్ళకు వీపు పెట్టి కుర్చీలో కూర్చునేవారు. దూకాక తల తిప్పకుండానే తీర్పు చెప్పేవారు. "పనసకాయ పడింది." "ఈసారి బిందె." ఒకరోజు తన పాత లుంగీ తెచ్చి పర్రున చింపి, "ఇదీ సప్పుడు! నీ వేళ్ళ కింద నీళ్ళు ఇలగ సిరగాల. 'సిరిగింది' అని నా నోటంట వచ్చిన్రోజున నువ్వు దూకినట్టు లెక్క" అన్నారు. ఆ ఒక్క మాట కోసం మూడేళ్ళు చెవి కోసుకున్నాను. నాకు దక్కిందల్లా "మళ్ళీ!"

ఆ ఉక్రోషంతోనే, నీళ్ళంటే భయం కాబట్టే అటు తిరిగి కూర్చుంటాడని ప్రచారం చేశాను. మాట ఆయన దాకా వెళ్ళింది. "ఏటి రా గుంటడా, కాలనీలో నీ సప్పుడు ఎక్కువైందట. నీళ్ళ కాడ తగ్గించు ముందు. బేగి ఎక్కు, మళ్ళీ!" అన్నారంతే.

ఆ వారమే ఏదో పని మీద వాళ్ళింటికి వెళితే, ఆయన భార్య నూకాలమ్మగారు చోళ్ళు చెరుగుతూ అసలు సంగతి చెప్పారు. "అంతెత్తు మీంచి దూకీ దూకీ ఒక కంటి లోపలి పొర ఊడిపోనాది బాబూ. రెండోది మసక. ఇంక తలకి నీళ్ళ దెబ్బ తగలకూడదన్నారు డాక్టర్లు. మీరు అవుపడరని మీకు తెలీకూడదని అలగ తిరిగి కూకుంటారు." ఈత వచ్చిన నేను ఆ గుమ్మంలోనే మునిగిపోయాను. మర్నాడు క్షమాపణ చెప్పబోతే, "నోరు తెరిసి దూకితే నీళ్ళు మింగుతావు, ఎక్కు" అన్నారు.

ఇప్పుడు ఆయన లేరు. ఆదివారాలు ఆ కొలను దగ్గర పిల్లలకు దూకడం నేర్పుతూ నేనూ నీళ్ళకు వీపు పెట్టి కూర్చుంటాను. నా కళ్ళు బాగానే ఉన్నాయి. చెవులే ఇంకా ఆయనంత ఎదగలేదు.

అయితే ఒక చిన్న కక్ష మాత్రం తీర్చుకున్నాను. ఉద్యోగంలో పదేళ్ళు ఊళ్ళు తిరిగి మళ్ళీ సీలేరు వచ్చేసరికి, ఆయనకు చూపు పూర్తిగా పోయింది. గుమ్మం దిగడం మానేశారు. "నువ్వయినా తీసుకెళ్ళు బాబూ" అన్నారు నూకాలమ్మగారు. చెయ్యి పట్టుకుని కొలను దగ్గరికి నడిపించాను. అలవాటుగా కుర్చీని అటు తిప్పించుకున్నారు. గద్దె ఎక్కి దూకాను.

తల పైకెత్తేసరికి ఆయన నీళ్ళ వైపు తిరిగి ఉన్నారు.

"సిరిగింది," అన్నారు మెల్లగా. "మళ్ళీ దూకు రా. ఒక్కసారి."

ఆ 'మళ్ళీ' ఆజ్ఞ కాదు, బతిమాలడం. తువ్వాలుతో తల తుడుచుకుంటూ, "ఇవాళ్టికి చాలు మాస్టారూ. మళ్ళీ రేపే" అన్నాను.

"దొంగ సచ్చినోడా! కచ్చ తీర్చుకుంటన్నావేటి?"

"అవునండీ."

మర్నాడు నూకాలమ్మగారి చెయ్యి పట్టుకుని నాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. రోజుకు ఒక్కసారే దూకేవాణ్ణి. ఆయన "మళ్ళీ" అనేవారు, నేను "రేపు" అనేవాణ్ణి. ఆ రేపు కోసం రెండేళ్ళు వచ్చారు.