నీళ్లడిగిన దగ్గు

నేను దయ్యాలను నమ్మను. ల్యాబ్ టెక్నీషియన్‌ని. రక్తంలో, కఫంలో కనబడనిది నా లెక్కలో లేనట్టే. మా అత్తగారు దిష్టి తీస్తానంటే "ముందు మీరు షుగర్ టెస్ట్ చేయించుకోండి" అని ఆటపట్టించే మనిషిని. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

సిద్దిపేటలో నేను పనిచేసే పిల్లల దవాఖానకు పోయిన చలికాలంలో జగదేవ్‌పూర్ వైపు నుంచి ఒక తల్లి, ఆమె అత్త, నెల దాటిన మగబిడ్డను తీసుకొచ్చారు. బిడ్డకు దగ్గు లేదు. పాలు తాగుతూ తాగుతూ ఊపిరి ఆపేసి నీలంగా మారుతున్నాడట. న్యుమోనియా కావచ్చని డాక్టరుగారు రక్తపరీక్షలు రాశారు.

నానమ్మ వాణ్ణి "పెంటయ్యా" అని పిలుస్తోంది. మా వైపు ముందు పుట్టిన బిడ్డ పోతే, తర్వాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుని ఆ పేరు పెడతారు. డాక్టరుగారు అడిగితే మాత్రం ఇదే మొదటి కాన్పని చెప్పింది. తల్లి తల దించుకుంది. మనకెందుకులే అనుకున్నాను.

మధ్యాహ్నం, ఓపీ అయిపోయింది. బిడ్డ చేతికి సూది గుచ్చబోతుంటే బయట వరండాలో దగ్గు వినబడింది. చిన్నపిల్ల దగ్గు. ఊపిరి పీల్చుకునే సందు లేకుండా దగ్గి దగ్గి, చివరికి "కూ" అంటూ గాలి లోపలికి లాక్కుంది. ఆ కూత ఒకసారి విన్నవాళ్లు మరిచిపోరు. కోరింత దగ్గు. వెంటనే ఒక సన్నటి గొంతు, "అవ్వా, నీళ్లు" అంది.

నాకు కోపం నషాళానికి అంటింది. "దగ్గే పిల్లను బయట కూసోబెట్టి వచ్చిన్రా? ఇంట్ల గా దగ్గుంటే చెప్పాలె గద!" అని కసిరి, నా నీళ్ల సీసా పట్టుకుని బయటికి వెళ్లాను.

వరండాలో పిల్ల లేదు. దవాఖాన ఆయమ్మ ఒక్కతే బయటి గుమ్మానికి అడ్డంగా కూర్చుని అన్నం తింటోంది. ఆమెను దాటకుండా ఎవరూ పోలేరు. "గీడ ఎవ్వల్లేరు మేడం, నాకేం ఇనబడలే" అంది. లోపలికి వచ్చాను. నానమ్మ గోడకేసి చూస్తోంది. తల్లి నా చేతిలోని సీసానే చూస్తోంది.

బయట కోరింత దగ్గు విన్నానని డాక్టరుగారికి చెప్పాను. ఆయన ఆలోచనలో పడ్డారు. ఇంత పసిగుడ్డుకు ఆ రోగం అంటుకుంటే కూత రాకపోవచ్చు, ఊపిరే ఆగిపోవచ్చు. మందు మొదలుపెట్టకముందే నమూనా తీయమన్నారు. ముక్కులోంచి గొంతు వెనకదాకా సన్నటి పుల్ల పంపి తీయాలి. బిడ్డకు ఏడ్చే ఓపిక కూడా లేదు. నాకు ఏడుపొచ్చింది. నమూనాను ఐసు డబ్బాలో పెట్టి హైదరాబాద్ పంపాం. ఫలితం కోసం ఆగకుండా ఆ పూటే మందు వేశారు.

రిపోర్టు వచ్చింది. కోరింత దగ్గే. ఇంట్లోవాళ్లకూ పరీక్ష చేస్తే నానమ్మకు కూడా ఉందని తేలింది. పొగాకు దగ్గని ఆమె పట్టించుకోలేదట. ఇంకాస్త ఆలస్యమైతే బిడ్డ దక్కేవాడు కాదన్నారు డాక్టరుగారు. "నీ చెవులు పాముచెవులమ్మా" అని మెచ్చుకున్నారు.

ఇంటికి పోయే రోజు తల్లి ఒక్కతే బిడ్డనెత్తుకుని ల్యాబ్‌కు వచ్చింది. వీడికంటే ముందు తనకు ఒక ఆడపిల్ల ఉండేదని చెప్పింది. మాటలు బాగా వచ్చాక, కూత పెట్టుకుంటూ దగ్గి దగ్గి పోయిందట. ఏ పరీక్షా చేయించలేదు. పోయినదాని పేరెత్తితే ఉన్నవాడికి కీడని అత్త ఆమె నోరు కట్టేసింది.

"దగ్గుల నీళ్లు తాగితే కఫం పడ్తదని మా అత్త నీళ్లియ్యనియ్యలే మేడం. దూపయితుంది, నీళ్లని అడుక్కుంట అడుక్కుంటనే పాణం ఇడిసింది" అంది. బిడ్డను ఇంకో భుజం మీదికి మార్చుకుని, "గా దినం మీరు నీళ్ల సీస పట్టుకొని ఎందుకు ఉరికిన్రు?" అని అడిగింది.

ఆ గొంతు నీళ్లడిగిన మాట నేనెవరికీ చెప్పలేదు. ఇక చెప్పక తప్పలేదు.

నేను విన్నదేమిటో ఇప్పటికీ తెలియదు. దయ్యాలున్నాయా అంటే లేవనే అంటాను. కానీ నేను చెప్పింది విని ఆ తల్లి భయపడలేదు. పడుకున్న కొడుకును గుండెకు అదుముకుని ఒక్కటే అడిగింది. దానికి నా దగ్గర ఏ పరీక్షా లేదు.

"అంటే, నా బిడ్డకు ఇంకా దూప తీరలేదా మేడం?"