పద్నాలుగో పేజీలో దూరాలు

దేవుడు ఆరు రోజుల్లో సృష్టి చేశాడని, అది జరిగి పదివేల ఏళ్లు దాటలేదని ఆయన నమ్మకం. ఉద్యోగమేమో అబ్జర్వేటరీలో, కోట్ల ఏళ్ల నాటిదని అందరూ అనే వెలుగును కొలవడం. “తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి, లెక్కలు రాకపోతే ఎలా?” అని తన మీద తనే జోకు వేసుకునేవాడు. తోటివాళ్లు ‘ఆరు రోజులాయన’ అని పేరు పెట్టారు. అలా పిలిచినా పలికేవాడు, పాపం.

విశ్వం వ్యాకోచించడం లేదని, అంత దూరపు వెలుగు ఇంత తక్కువ కాలంలో ఎలా వచ్చిందో తాను తేల్చేశానని ఇరవై ఏళ్లు కూర్చుని పుస్తకం రాశాడు. పత్రికలన్నీ తిప్పి పంపాయి. ప్రార్థన మందిరం వాళ్లు మాత్రం అచ్చేసి, సభ పెట్టారు. ఇక ఆయనకు పట్టపగ్గాలున్నాయా? అద్దం ముందు నిలబడి, ఎవరూ అడగని ప్రశ్నలకు కూడా జవాబులు అప్పజెప్పుకున్నాడు.

సభ రోజు పొద్దున, బడిలో లెక్కలు చెప్పే భార్య కాఫీ తాగుతూ పుస్తకం తిరగేస్తోంది.

“ఏమండీ, పద్నాలుగో పేజీలో ఈ గెలాక్సీల దూరాలు ఎక్కడివి?”

“మా అబ్జర్వేటరీ కేటలాగులోవి.”

“వాళ్లెలా లెక్కకట్టారు?”

జవాబు చెప్పబోతుంటే ఆయనకే తట్టింది. విశ్వం వ్యాకోచిస్తోందని ఒప్పుకుని కట్టిన దూరాలవి. ఏది లేదని పుస్తకమంతా అరిచాడో, దాని భుజమెక్కి కూర్చునే అరిచాడు! వెధవ బుర్ర, రోజూ తెరిచే కేటలాగే కదా!

“కోపమొచ్చిందా?” అంది ఆవిడ.

“నీ మీద కాదు. అంతమంది పండితులు వెక్కిరించారే, ఒక్కడైనా పద్నాలుగో పేజీ దాకా చదివి తిట్టి ఉంటే ఈపాటికి దిద్దుకునేవాణ్ణి.”

“మరి సభలో?”

“చెప్పేస్తాను. దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని అబద్ధమాడనా?”

సభలో బోర్డు మీద గీసి మరీ అరగంట చెప్పాడు, ఎక్కడ పప్పులో కాలేశాడో. హాలు చప్పట్లతో మారుమోగింది. మందిరం పెద్దాయన పరుగున వచ్చి చేతులు పట్టుకున్నాడు.

“డాక్టరుగారూ, ఆ సైంటిస్టుల తప్పు భలే పట్టేశారు!”

తన మాట ఒక్కరికీ ఎక్కలేదని ఆయనకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ ఈ మందిరంలో తనకు పడ్డ చప్పట్లన్నీ ఇలాంటివేనా? ఇప్పుడు నోరు మూసుకుని కూర్చుంటే పరువు దక్కుతుంది. ముందు వరసలో భార్య మాత్రం చప్పట్లు కొట్టకుండా ఆయన్నే చూస్తోంది.

మళ్లీ మైకు అందుకున్నాడు.

“చప్పట్లు ఆపండి బాబూ. ఆ తప్పు చేసింది నేను. నా పుస్తకం తప్పు.”

ఒక్క చెయ్యీ కదల్లేదు. ఇరవై ఏళ్లలో జనం ఆయన మాట విన్నది అదే మొదటిసారి.