కుళ్లుకునేటోన్ని కారు చూడ తోలుకపోకుండ్రి

పాత స్పోర్ట్స్ కారుకు నకలు చేసిన బండి మొదటిసారి కొనేటోళ్లకు నా మాట ఒకటి. ఆర్సీల ఉన్న ఇంజన్ నంబరు, బండి మీద ఉన్న నంబరు ఒక్కటేనా చూసుకోండ్రి. పైన ఫైబర్ బాడీ ఎంత మెరిసినా కింద ఛాసిస్ చూడండ్రి, వెల్డింగ్ చూడండ్రి. మెకానిక్‌ను తోలుకపోండ్రి. కానీ మిమ్మల్ని చూసి కుళ్లుకునే మెకానిక్‌ను మాత్రం తోలుకపోకుండ్రి.

మా సడ్డకుడు అదే తప్పు చేసిండు. సడ్డకుడంటే నా భార్య చెల్లెలి మొగడు. నేను చేవెళ్లల ఇరవై ఏండ్ల సంది ట్రాక్టర్లు రిపేరు చేస్తున్న. ఆయన మొయినాబాద్‌ల ప్లాట్లు అమ్మబట్టి ఆరేండ్లు కాలే. అత్తగారింట్ల దావత్ అయితే ముందుగాల కుర్చీ ఆయనకే, మటన్‌ల నల్లి బొక్క ఆయనకే. నాకు మండదా? మండుతది.

కారు కనకమామిడిల ఒక ఫాంహౌస్‌ల ఉన్నది. ఎర్రగ, టాపు లేకుండ, రెండే సీట్లు. రూపం ఎన్నడో విదేశాల నడిచిన కారుది, లోపల ఇంజన్ మన దిక్కు పాత కారుది. అసుంటిది ఒక్కసారన్న నడపాలని పడుచు వయసు సంది నాకు పిచ్చి. ఆ ముచ్చట ఆయనకు చెప్పింది గూడ నేనే. ఇగ చూడుండ్రి, కొనేది ఆయన, బండి కింద పండుకొని చూసేది నేను!

చూసిన. ముందర ఎడమ చక్రం కాడ వెల్డింగ్ పగిలి ఉన్నది, మీదికెళ్లి నల్ల పెయింట్ కొట్టిండ్రు. పెద్ద గుంతల పడ్డదంటే చక్రం ఊడొస్తది.

"ఎట్లున్నదన్నా?" అని అడిగిండు.

లేచి బట్టలు దులుపుకున్న. ఆయన అప్పటికే స్టీరింగ్ మీద చెయ్యేసి ఫోటో దిగుతున్నడు.

"ఫస్ట్ క్లాస్ ఉన్నది తమ్మి, తీస్కో," అన్న.

పూజ రోజు మొయినాబాద్‌ల ఆయన ఇంటి ముంగట చుట్టాలందరు జమైండ్రు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిండ్రు, గుమ్మడికాయ కొట్టిండ్రు. గండిపేట దాక పోయొస్తమని ఆయన బండి స్టార్ట్ చేసిండు. మా మరదలు కొత్త చీర సదురుకొని ఎడమ సీట్ల కూసున్నది. నేను బండికి అడ్డం ఉరికిన.

"ఆపు తమ్మి! ముందర వెల్డింగ్ పగిలున్నది!"

ఆయన నవ్విండు. "మొన్న ఫస్ట్ క్లాస్ అంటివి. ఇయ్యాల ఓర్వలేకపోతున్నవా అన్నా?"

అందరు నవ్విండ్రు. నా భార్య మోచెయ్యి గిచ్చి, "జర ఇజ్జత్ తియ్యకుండ్రి," అన్నది.

ఏం చెయ్యాలె? తెల్లంగితోనే కారు కింద దూరిన. నా బైకు చావితోని పెయింట్ గీకిన. ఆయన చెయ్యి గుంజి, వంగబెట్టి, పగులు చూపిచ్చిన. నవ్వులు బందైనయ్.

"మొన్న కనపడలేదా అన్నా?"

చీకటుండె అనొచ్చు, కండ్లద్దాలు మర్చిపోయిన అనొచ్చు. ఎందుకో నోరు తిరగలే.

"కనపడ్డది," అన్న. "నీకు కారొస్తున్నదని ఓర్వలేక చెప్పలే."

ఆయన ఇంజన్ బంద్ చేసి చావి జేబుల ఏస్కున్నడు. మరదలు దిగి నా ముంగటికొచ్చి నిలవడ్డది.

"రెండే సీట్లు గద బావా," అన్నది. "రెండోది నాదని నీకు ఎరుక లేకుండెనా?"